తిరుగు తేదీ లేని సెలవు చీటీ

మన సైన్యాన్ని పరాయి దేశానికి పంపే కాగితం మీద ఎప్పుడో ఒకప్పుడు సంతకం పెట్టబోయే ఢిల్లీ పెద్దల దివ్యసముఖానికి, ఒక గుమాస్తా నమస్కరించి రాసుకునే అర్జీ.

అయ్యా (లేక అమ్మా),

మీరెవరో నాకు తెలియదు. బహుశా ఇంకా బళ్లో చదువుకుంటున్నారేమో కూడా. నేను మాత్రం ఇరవయ్యేళ్లుగా ఓ సర్కారీ ఆఫీసులో సెలవు చీటీలు చూస్తున్నాను. తిరుపతి వెళ్లడానికి నాలుగు రోజులు అడిగినా సరే, 'ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు' అన్న గడి నింపకపోతే వెనక్కి పంపేస్తాను. ఈ పాడు అలవాటుతోనే 1987 నాటి భారత్-శ్రీలంక ఒప్పందం చదివాను.

గంటల లెక్కన రాసిన కాగితం. 48 గంటల్లో కాల్పులు ఆగాలి. ఆగాక 72 గంటల్లో ఆయుధాల అప్పగింత పూర్తి కావాలి. అవసరమైతే శ్రీలంక అధ్యక్షుడు మన శాంతి దళాన్ని పిలవచ్చు. సరే, పిలిచారు, వెళ్లారు. మరి ఇంటికి ఎప్పుడు రావాలి? ఆ గడే లేదు.

జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, అధ్యక్షుడు జయవర్ధనే సంతకాలు చేశారు. మర్నాడు గౌరవ వందనం స్వీకరిస్తున్న మన ప్రధాని మీదికి, ఆ వరసలోనే నిలబడ్డ నావికుడొకడు తుపాకీ మడమ ఎత్తాడు. ఆ ఇంట్లో మన రాక ఎంతమందికి ఇష్టమో చెప్పడానికి అంతకన్నా పెద్ద రాయబారం ఏం కావాలి? పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు. ఆ కథలో పిల్లికి కడుపైనా నిండింది. మన పిల్లినైతే సింహళ, తమిళ పిట్టలు రెండూ చెరో వైపు నుంచి పొడిచాయి.

అక్టోబరుకల్లా శాంతి దళం జాఫ్నా వీధుల్లో తమిళ పులులతో యుద్ధం చేస్తోంది. ఆ పులుల్లో చాలామంది తుపాకీ పట్టడం నేర్చుకుంది మన గడ్డ మీదే. అక్టోబరు 11 రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు 30 మంది. బతికింది ఒక్కడు. ఆ దీపావళికి జాఫ్నా ఆసుపత్రిలో మనవాళ్ల కాల్పులకు డాక్టర్లు, నర్సులు, రోగులు చనిపోయారు. ఎవరిని కాపాడడానికి వెళ్లామో వాళ్లే.

1989లో కొత్త అధ్యక్షుడు ప్రేమదాస ఇక వెళ్లిపొమ్మన్నాడు. అంటే, నింపని ఆ గడిని చివరికి పొరుగింటాయన నింపాడన్నమాట. 1990 మార్చి 24న ఆఖరి దళం వెనక్కి బయల్దేరింది. దాదాపు 1200 మంది రాలేదు. వచ్చినవాళ్లకు మద్రాసు రేవులో స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. మరో 14 నెలలకు శ్రీపెరంబుదూరులో రాజీవ్ హత్య.

1971 బంగ్లాదేశ్ మాటేమిటంటారా? కోటిమంది శరణార్థులు మన గడప తొక్కాక అది పరాయి తగవెలా అవుతుంది? పైగా డిసెంబరులో యుద్ధం గెలిచి, మార్చికల్లా ఢాకా నుంచి వచ్చేశాం. ఆ చీటీ మంజూరు చేయడానికి నాకే అభ్యంతరమూ లేదు.

మీ బీరువాలో ఇంకో పలచని ఫైలు ఉంటుంది, 2003 నాటిది. ఇరాక్‌కు ఒక డివిజను, అంటే దాదాపు 17,000 మందిని, పంపమని అమెరికా అడిగింది. అంతకుముందే ఏప్రిల్‌లో మన పార్లమెంటు ఆ యుద్ధాన్ని 'నిందా' అన్న హిందీ మాటతో తప్పుపట్టింది. వెళ్తే పలుకుబడి, కాంట్రాక్టులు, పెద్దల సరసన కుర్చీ అని ఊరించినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. వాజపేయి ప్రభుత్వం జూలై 14న, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం ఉంటే అప్పుడు చూద్దామని మర్యాదగా తప్పుకుంది. ఆ ఫైలులో మృతుల జాబితా లేదు. అందుకే కాబోలు, దాని మీద ఎవరూ సినిమా తీయరు.

సైన్యాన్ని పంపేముందు పార్లమెంటును అడిగి తీరాలని మన రాజ్యాంగంలో లేదు. కనుక మిమ్మల్నే అడుగుతున్నాను. ఎవరు పిలిచినా, ఎంత ప్రేమగా పిలిచినా, సంతకానికి ముందు ఆ రెండో తేదీ గడి గీయించండి. నింపలేకపోతే కాగితం వెనక్కి పంపండి.

ఇట్లు,
తమ విధేయుడు,
సెలవు చీటీల గుమాస్తా

తా.క. ఆ గడిలో 'పరిస్థితులను బట్టి' అని రాసుకొస్తారు. మా ఆఫీసులో అది చెల్లదు.