ఒక గాలపు పద్యానికి టీకా తాత్పర్యం

మూలము

ఈక కట్టి చేప యీదినట్లుగఁ జేసి
వాగునీట విసిరి వంకరగను
లాగి యాగి లాగ లావైన మీనమ్ము
కోపముననుఁ గఱచుఁ గొండయేట

అవతారిక

ఈ ఆటవెలది రాసినవాడు మా పురసవాక్కం వాడే. చీరల దుకాణాలతో కిటకిటలాడే హైరోడ్డుకు రెండు సందులు లోపల, మూడో అంతస్తులో కాపురం. పగలు లెక్కలు రాస్తాడు, రాత్రి గాలపు ముళ్ళకు ఈకలు కడతాడు. చన్నీటి కొండవాగుల్లో బతికే బ్రౌన్ ట్రౌట్ అనే చేపలో బాగా ముదిరిన దాన్ని స్ట్రీమర్ అనే ఈకల ఎరతో పట్టే విద్య ఒకటుంది. దాన్ని నాలుగు పాదాల్లో ఇరికించి తెచ్చి, "బాబాయిగారూ, దీనికో టీకా రాసిపెట్టండి. వావిళ్ళవారి పుస్తకంలా ఉండాలి" అన్నాడు. వావిళ్ళవారు 1854లో మొదలుపెట్టి ఈ చెన్నపట్నంలోనే ఎన్నో కావ్యాలను టీకా తాత్పర్యాలతో అచ్చువేశారు. వారి పండితులకు ఎదురుపడిన చేపలు నాయిక కళ్ళలోనూ మన్మథుడి జెండా మీదా ఉండేవి గనుక గాలం అవసరం వారికి పడలేదు. ఆ లోటు ఇప్పుడు నా నెత్తిన పడింది.

ప్రతిపదార్థము

ఈకన్ = కోడి మొదలగు పక్షుల ఈకను; కట్టి = గాలపు ముల్లునకు దారముతో బిగించి; చేప = చిన్నచేప; ఈదిన అట్లుగన్ = ఈదుచున్న విధముగా; చేసి = భ్రమ కల్పించి; వాగు నీటన్ = పారెడు నీటియందు; వంకరగను = ఎదురుగాఁ గాక, వాలుకు ఏటవాలుగా; విసిరి = వేసి; లాగి = ఎడమచేత త్రాటిని జేనెడేసి లాగి; ఆగి = ఊరకుండి; లాగన్ = మరల లాగఁగా; లావైన మీనమ్ము = ముదిరిన బ్రౌన్ ట్రౌటు; కోపముననున్ = కోపముచేతఁ గూడ; కొండయేటన్ = చల్లని కొండయేటియందు; కఱచున్ = కఱచును.

తాత్పర్యము

ఈకలతో చేపపిల్ల లాంటి ఎరను కట్టి, వాగులో ఏటవాలుగా విసిరి, లాగుతూ ఆగుతూ మళ్ళీ లాగితే, పెద్ద ట్రౌట్ ఆకలి లేకపోయినా ఒళ్ళుమండి దాన్ని కరుస్తుందని భావం.

విశేషములు

"ఈక కట్టి". వానపామును గుచ్చి బెండు కేసి చూస్తూ కూర్చునే గాలం మనందరికీ తెలుసు. ఇది ఆ జాతి కాదు. ఫ్లై గాలంలో ఎరకు బరువు ఉండదు, ఉన్నా బహుస్వల్పం. బరువంతా తాటిదే. కర్రతో తాటిని వెనక్కీ ముందుకీ ఆడిస్తే, అది గాలిలో చాపుగా సాగి, కొసనున్న ఎరను తనతో పాటు తీసుకుపోతుంది. మామూలు ఫ్లై పేరుకు తగ్గట్టు ఈగంతే ఉంటుంది. స్ట్రీమర్ మాత్రం వేలెడు, ఒక్కోసారి జానెడు. అది పురుగు వేషం కాదు, చేపపిల్ల వేషం.

కవిగారు దీన్ని కట్టే తీరు ఒక రాత్రి దగ్గర కూర్చుని చూశాను. వంటింటి బల్ల అంచుకు బిగించిన చిన్న వైస్‌లో ముల్లు. దాని కాడ పొడుగునా నల్లదారం చుట్టాడు. కోడిమాంసం కొట్టులో అడిగి తెచ్చుకుని, కడిగి ఆరబెట్టిన తెల్ల నూగు ఈకల్ని చిటికెడు తీసి తోకగా నిలిపాడు. పొడిగా ఉన్నప్పుడు అవి ఎటు పడితే అటు ఎగురుతాయి. నాలుకతో తడిపాడు (నేను మొహం తిప్పుకున్నాను), అంతటితో అవి సన్నని తోకై కూర్చున్నాయి. ఒంటికి బూడిదరంగు ఉన్ని, దాని మీద జరీపోగు ఐదారు చుట్లు. నీళ్ళలో ఆ జరీయే పొలుసు మెరుపు. తలకు ఫ్యాన్సీ కొట్టులో కొన్న ఇత్తడి పూస, ముడి మీద రంగులేని గోళ్ళరంగు. అంటే సరంజామా అంతా పురసవాక్కం హైరోడ్డులో దొరికేదే. జరీ ఎక్కడిదన్న ప్రశ్నకు కవిగారు చెప్పే జవాబు ఒకటి, వారి శ్రీమతి చెప్పే జవాబు ఇంకొకటి. వ్యాఖ్యాతకు ఇందులో తలదూర్చే అధికారం లేదు.

"ఈకన్" అని ఏకవచనం వేసి ఊరుకున్నాడు గాని, ఈ శాస్త్రంలో అన్నిటికంటే పేరున్న ఈక మన దక్షిణాది అడవులదే. ఇక్కడి కొండల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి పుంజు మెడ ఈకల మీద, కొమ్ములాగా గట్టిపడి మెరిసే పసుపు తెలుపు మచ్చలుంటాయి. వాటిని ఎర తలకు అటూ ఇటూ అతికిస్తే అచ్చం చేప కన్నే. సాల్మన్ ఫ్లైల కోసం, స్ట్రీమర్ల కోసం ఆ మెడతోళ్ళు దశాబ్దాల పాటు ఇండియా నుంచి ఓడలెక్కాయి. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో కారీ స్టీవెన్స్ అని, ముందు ఆడవాళ్ళ టోపీలు కుట్టే పనిచేసిన ఆవిడ, 1924 జూలై 1న అప్పర్ డామ్ దగ్గర తాను కట్టిన ఈకల ఎరతో దాదాపు మూడు కిలోల బ్రూక్ ట్రౌట్‌ను పట్టింది. ఒక పత్రిక పోటీలో దానికి రెండో బహుమతి వచ్చింది. ఆ తరవాత ఆవిడకు స్ట్రీమర్లు కట్టడమే జీవనమైంది. వాటిలో మిక్కిలి ప్రసిద్ధమైన "గ్రే ఘోస్ట్"కు చెంపల మీద కనిపించేది మన అడవికోడి ఈకే. ఇప్పుడు ఆ కోడికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అండగా ఉంది, కాబట్టి ఈ దేశంలో ఎవరూ ఆ ఈక జోలికి పోకూడదు. కవిగారు గోళ్ళరంగుతో కన్ను దిద్దుకుంటాడు. ఆ కోడి పుట్టిన దేశంలో రంగు కన్ను, పుట్టని దేశంలో పాత నిల్వల నుంచీ పెంపుడు కోళ్ళ నుంచీ అసలు ఈక! మన కోహినూరు సంగతి అందరూ మాట్లాడతారు, దీని సంగతి ఒక్కరూ ఎత్తరు.

"వంకరగను". ఎదురుగా విసిరితే ప్రవాహం ఎరను మన కాళ్ళ దగ్గరికే తెచ్చి పడేస్తుంది, తాడు వదులవుతుంది. అడ్డంగానో, అడ్డానికి కాస్త కిందికో విసిరితే నీరు తాటిని విల్లులా వంచి ఎరను ఒడ్డు వైపు ఊడ్చుకొస్తుంది. అప్పుడు ఎర పక్కవాటుగా, తోక నుంచి తల దాకా చేపకు కనబడుతుంది. పెద్ద ట్రౌట్ నడివాగులో తిరగదు. ఒరిసిపోయిన గట్టు కింద, పడిన చెట్టు మొద్దు చాటున, బండరాయి వెనక జాగా పట్టుకుని ఉంటుంది. ఎర ఆ గుమ్మం ముందు నుంచి వెళ్ళాలి. కవిగారి అభ్యాసమంతా మేడ మీద. పక్కవాటాల వారి ఉతికిన బట్టలు ఈ ప్రయోగంలో అనేకసార్లు చిక్కుకున్నాయి. ఆదివారాలు చెట్‌పేట్ చెరువుకు పోతాడు. మత్స్యశాఖ వారు రుసుము తీసుకుని గాలం వెయ్యనిచ్చే చోటు అది. వెనక మనుషులు నడుస్తూంటారు గనుక తాడు ఊపడం అక్కడ ప్రమాదం. జిలేబీ చేపలు పడుతున్నాయని విన్నాను. పద్యంలో వాటి ప్రసక్తి లేదు.

"లాగి యాగి లాగ". ఇక్కడ ఒక పాఠాంతరం చెబుతారు, "లాగి లాగి లాగ" అని. ఛందస్సు సరిపోతుంది, చేప పడదు. గాయపడ్డ చేపపిల్ల ఒకే వేగంతో ఈదదు. కొట్టుకుంటుంది, తేలిపోతుంది, మళ్ళీ కొట్టుకుంటుంది. వెంటపడి వస్తున్న ట్రౌట్ ఆ తేలిపోయే క్షణంలో నిర్ణయం తీసుకుంటుంది. ఆ పాఠం కల్పించినవాడు హైరోడ్డులో పండగ ముందు ఆటో నడిపేవాడై ఉంటాడు.

"కోపముననున్". పద్యానికి జీవగర్ర ఇది. చివరి "ను" ఎందుకు? పాదపూరణమని కొందరంటారు. గణం కోసం వేశాడు, వదిలేయండి అంటారు. నేనొప్పుకోను. ఇది సముచ్చయం. ఆకలిచేతనే గాక కోపముచేత కూడా అని అర్థం చెప్పుకోవాలి.

శంక: చేపకు కోపమేమిటి? సమాధానం: ముందు ఆకలి సంగతి చూద్దాం. ట్రౌట్ చిన్నగా ఉన్నంతకాలం పురుగులు తిని బతుకుతుంది. మూర పొడవు దగ్గరపడేసరికి ఆ పురుగులు చాలవు. ఒక్కొక్కదాని కోసం పైకి లేచి దిగే శ్రమకు కూడా గిట్టుబాటు కాదు. అక్కడి నుంచి చాలా బ్రౌన్ ట్రౌట్లు చేపల్ని తినడం మొదలుపెడతాయి, తమ జాతి పిల్లలతో సహా. వేట సందెవేళ, రాత్రి, లేదా వానకు నీరు మట్టిరంగు తిరిగినప్పుడు. 2020లో న్యూజిలాండ్‌లో ఒహావు కాలువలో ఒకరు పట్టిన బ్రౌన్ ట్రౌట్ ఇరవై కిలోల పైచిలుకు తూగింది. ఆ ఒళ్ళు ఈగలతో వచ్చేది కాదు.

అయితే కడుపు నిండిన చేప కూడా స్ట్రీమర్‌ను కొడుతుంది, అదే చిక్కు. నోరు తెరవకుండా మూతితో గుద్దుతుంది. తోక కొరికి వదులుతుంది. గట్టు దాకా తరుముకొచ్చి, మనిషిని చూసి, వెనక్కి తిరిగిపోతుంది. తినదలచుకున్న ప్రాణి చేసే పనులు కావివి. బ్రౌన్ ట్రౌట్ తన జాగా విషయంలో మహా పట్టుదల గలది, చొరబడిన చేపను తరిమేదాకా ఊరుకోదు. అమెరికాలో కెల్లీ గాలప్, బాబ్ లిన్సెన్‌మన్ 1999లో పెద్ద ట్రౌట్ల మీద రాసిన స్ట్రీమర్ పుస్తకం తరవాత, ఎర చూపి తినిపించడం కంటే చొరబాటుదారును చూపి రెచ్చగొట్టడమే మేలన్న పక్షం బాగా బలపడింది. అందుకే ఇప్పటి స్ట్రీమర్లు రెండు మూడు కీళ్ళతో, జానెడు పొడవుతో, చూడగానే ఒళ్ళుమండేలా తయారవుతున్నాయి. శాస్త్రజ్ఞుడు దీన్ని ప్రతిచర్య అంటాడు. అనుకోనివ్వండి. అద్దెకున్నవాడు నీళ్ళ మోటారు ఆపలేదని అర్ధరాత్రి మెట్లు దిగి వచ్చే ఇంటివారిలో ఉండేది కూడా ప్రతిచర్యే. మనం మాత్రం దాన్ని కోపమనే అంటున్నాం.

"కొండయేటన్". శంక: రెండో పాదంలో "వాగునీట" అని చెప్పాక మళ్ళీ "కొండయేట" అనడం పునరుక్తి దోషం కాదా? కాదు. కవి నివాసం పురసవాక్కమని మరువరాదు. ఇక్కడ వాగు అనగానే తట్టేది ఓటేరి నల్లా అనే మురుగు కాలువ. అందులో ఈక కట్టి విసిరితే ఏం పడుతుందో, దాన్ని ఎవరు విప్పాలో ఊహించడం కష్టం. దాన్ని తోసిపుచ్చడానికే "కొండయేట" అన్నాడు. పైగా ట్రౌట్‌కు ఇరవై డిగ్రీల లోపు నీళ్ళు కావాలి. ఇరవై అయిదు దాటితే ప్రాణం మీదికొస్తుంది. మే నెలలో మా మేడ మీది ట్యాంకు నీళ్ళతో స్నానం చేసినవారికి ఈ విశేషణం విలువ విప్పి చెప్పనక్కరలేదు.

ఈ సంగతి తెల్లదొరలకూ ఖర్చుపెట్టాక గాని తెలియలేదు. 1860లలో మద్రాసు సైన్యంలో వైద్యుడూ, తరవాత మన దేశపు చేపలన్నిటి మీదా మహాగ్రంథం రాసినవాడూ అయిన ఫ్రాన్సిస్ డే, ఇంగ్లండు నుంచి ట్రౌట్ గుడ్లు తెప్పించి నీలగిరుల్లో వదలాలని చూశాడు. ఆ ప్రయత్నం ఫలించలేదు. చివరికి హెచ్.సి. విల్సన్ చేతి మీద, 1907లో ఊటీ పక్క అవలాంచిలో పొదిగే కేంద్రం వెలిశాక నీలగిరి ఏళ్ళలో ట్రౌట్ నిలిచింది. నిలిచింది మాత్రం రెయిన్‌బో. బ్రౌన్ జాతి ఆ కొండల్లో కుదురుకోలేదు. మన కోడి ఈక మెయిన్ దాకా వెళ్ళి పేరు తెచ్చుకుంది, వాళ్ళ చేప మన నీలగిరికి వచ్చి కాపురం పెట్టలేకపోయింది.

ఉత్తరాన అలా జరగలేదు. 1900లో స్కాట్లండ్ నుంచి వచ్చిన బ్రౌన్ ట్రౌట్ గుడ్లు కాశ్మీరులో ఫ్రాంక్ మిచెల్ పూనికతో పొదిగి పిల్లలయ్యాయి. కులూ లోయలో తీర్థన్ ఏటిలోనూ అవి స్థిరపడ్డాయి. కవి ఒకసారి లైసెన్సు తీసుకుని వెళ్ళింది అక్కడికే. గుడ్లు పెట్టే కాలమని చలికాలం నాలుగు నెలలూ అక్కడ గాలం నిషేధం. ఉత్తరకాశి పైన డోడీతాల్ చెరువులోనూ, దాన్నుంచి దిగే అస్సీగంగలోనూ బ్రౌన్ ట్రౌట్లున్నాయి. అస్సీగంగ పోయి కలిసేది భాగీరథిలో. పురసవాక్కం గంగాధీశ్వరుణ్ణి ప్రతిష్ఠించింది భగీరథుడేనని స్థలపురాణం. కనుక స్వామి జటలో ఉన్న గంగ అంశలోనే ఎక్కడో స్కాట్లండ్ చేప ఈదుతోందని చెప్పుకోవచ్చు. ఇది శ్లేష కాదు, భూగోళం. అర్చకులతో ఈ మాట ఇంకా అనలేదు.

"కఱచున్". పద్యం ఈ క్రియతోనే ఆగిపోయిందేమని అడగవచ్చు. కరిచిన చేప చిక్కిందా? ఒడ్డెక్కిందా? మళ్ళీ నీళ్ళలో వదిలారా? ఈ విద్యలో ఒక రహస్యముంది. కరుపు తగలగానే అందరి చెయ్యీ కర్రను పైకెత్తబోతుంది. ఎత్తితే ఎర నోట్లోంచి జారి గాలిలోకి లేస్తుంది. కర్రను కిందికే ఉంచి, ఎడమచేత్తో తాటిని గట్టిగా గుంజాలి. ముల్లు అప్పుడే దిగుతుంది. తీర్థన్ గట్టున కవిగారు చేసింది ఈ రెంటిలో ఏదని అడిగాను. పద్యం అక్కడికే అయిపోయింది బాబాయిగారూ అన్నాడు. మూలంలో లేనిది రాయరాదని కోలాచలం మల్లినాథసూరి వ్యాఖ్యాతలకు పెట్టిన కట్టుబాటు. నేను దాన్ని దాటను.