ఇంట్లోకి నీళ్లొచ్చాయా? క్లెయిమ్ రాకుండా చూసుకోండిలా

సింగరేణి సర్వీసులో ఉండగానే మీరు లోను తీసుకుని బెల్లంపల్లిలో ఇల్లు కట్టుకున్నారు. బ్యాంకువాళ్లు లోనుతో పాటు ఇంటికి ఇన్సూరెన్స్ పాలసీ కూడా అంటగట్టారు. ఆ కాగితం బీరువాలో పట్టుచీరల కింద ఉందిగా? అక్కడే ఉండనివ్వండి. తీసి చదివితే లేనిపోని ఆశలు పుడతాయి. 2021 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో వరద, తుఫానే కాదు, నీళ్ల ట్యాంకు పగలడం, పొంగడం, పైపు పగలడం కూడా ఉన్నాయని తెలిసిపోతుంది. ఇంటికి తీసుకున్న బీమా మొత్తంలో 20 శాతం దాకా, 10 లక్షలు మించకుండా, ఇంట్లో సామానుకూ వర్తిస్తుందని కూడా తెలుస్తుంది. తెలిస్తే అడగాలనిపిస్తుంది. 2022 జులైలో గోదావరి నీళ్లు మంచిర్యాల కాలనీల్లోకి వచ్చాయి గాని మన ఊరికి నది రాదు కదా అని ధీమాగా ఉండండి. మిద్దె మీది ట్యాంకు పగలడానికి నదితో పనిలేదన్న సంగతి మరిచిపోండి.

మీరింకా కంపెనీ క్వార్టర్లోనే ఉంటున్నారా? అయితే గోడలకు, పైకప్పుకు కూడా పాలసీ చేయించండి. గోడలు సింగరేణివి, ప్రీమియం మీది. మీ సామానుకు చేయించుకుంటే చాలని చెప్పే ఏజెంటును గడప తొక్కనివ్వకండి.

ఇక అసలు పని. అర్ధరాత్రి ట్యాంకు పగిలి హాల్లో మడమలోతు నీళ్లు నిలిచాయనుకుందాం. ఫస్ట్ షిఫ్టు బస్సు కదిలేలోపు ఇల్లు అద్దంలా ఉండాలి. ఫొటోలు, వీడియోలు ఎందుకు, దిష్టి! నీళ్లు దిగాక గోడ మీద ఒక మట్టిగీత మిగులుతుంది. నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో చెప్పే సాక్షి అది, కాబట్టి మొదటి కోటింగు దాని మీదే వేయించండి. ఉబ్బి పొరలు లేచిన దివాన్ కాట్, తడిసి చెడిన ఫ్రిజ్, పగిలిన ట్యాంకు ముక్కలు, అన్నీ పాత సామాన్ల బండికి వేసేయండి. చేతిలో పడ్డదే లాభం. బీమా కంపెనీకి వెంటనే కబురు చేయాలని, నష్టం కనబడిన నాటి నుంచి 30 రోజుల్లోపు క్లెయిమ్ ఫారం ఇవ్వాలని పాలసీలో ఉంటుంది. బతుకమ్మ, దసరా అన్నీ అయ్యాక చూసుకోవచ్చు.

ఫారంలో నష్టానికి కారణం రాసే గడి దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ట్యాంకు పగిలిందని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే నష్టం అంచనా వేసే సర్వేయరు పని తేలికైపోతుంది. ఓపెన్‌కాస్ట్ గని బ్లాస్టింగుకు గోడలు నెర్రెలిచ్చాయని, మేస్త్రీ సిమెంటు మింగాడని, మూడేళ్లుగా చెమ్మ ఊరుతూనే ఉందని, పక్కింటాయన కాలువ పూడ్చాడని, ఆనాటి నీళ్లతో సంబంధం ఉన్నా లేకున్నా అన్నీ రాయండి. నేల కుంగడం పాలసీలో ఉన్నా, తవ్వకాల వల్ల కుంగినదాన్ని, నాసిరకం కట్టడం వల్ల కుంగినదాన్ని అందులోంచి తీసేశారు. ఏళ్ల తరబడి ఊరిన చెమ్మయితే జాబితాలోనే లేదు. బొగ్గుబాయి మీద ఇన్నేళ్ల కోపం ఆ గడిలో తీర్చుకుంటే, నిజంగా పగిలిన ట్యాంకు దాని కింద కనబడకుండా పోతుంది. (బ్లాస్టింగు నష్టం ఉంటే అది గని మేనేజరు దగ్గర విడిగా తేల్చుకోవాల్సిన లెక్క. అక్కడికైతే అసలే పోకండి.)

సర్వేయరు వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ ఉండాలి, తలా ఒక కథ చెప్పాలి. ట్యాంకు మొన్న రాత్రి పగిలిందని మీరు, కాదు బావా, పోయిన నెలలోనే కదా అని మీ బామ్మర్ది. పాతికవేల సోఫాను లక్ష చేయండి. ఒక్క అబద్ధం దొరికితే క్లెయిమ్ మొత్తం పోవచ్చు, అంతకన్నా దగ్గరి దారి లేదు. బిల్లులేవంటే షాపు మూతపడిందని చెప్పండి, డబ్బు కట్టినట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్ ఊసెత్తకండి. సర్వేయరు ఫీజు బీమా కంపెనీయే ఇస్తుంది. అయినా మీరూ ఆయన జేబులో ఏదో ఒకటి పెట్టబోయి చూడండి.

క్లెయిమ్ తిప్పికొట్టారా? ఆ ఉత్తరం చింపేసి, కాంటా చౌరస్తాలో చాయ్ తాగుతూ బీమావాళ్లంతా దొంగలని చెప్పండి. హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది. ముందు బీమా కంపెనీకే రాసివ్వాలి. నెల దాటినా జవాబు రాకపోతే, వచ్చింది నచ్చకపోతే, ఏడాదిలోపు అక్కడికి వెళ్లొచ్చు. 50 లక్షల దాకా ఇప్పించగలరు. వకీలు అక్కర్లేదు, ఫీజు లేదు. ఫీజే లేని చోట న్యాయమేముంటుందని ఇంట్లోనే కూర్చోండి. బీమా నియంత్రణ సంస్థ ఫిర్యాదుల నంబరు 155255. ఏడాది గడిచాక చేయండి.