ముందు సంచీ, తర్వాత బుజ్జిగాడు

జూన్ రెండో వారం. బడి బస్సు మెట్టు ఎల్కేజీ బుజ్జిగాడి నడుము దాకా ఉంది. ఆయా ముందు సంచీని లోపలికి గెంటి, ఆ తర్వాత వాణ్ణి ఎత్తి పెట్టింది. ఎవరు ముఖ్యమో అక్కడే తేలిపోయింది.

కేంద్రం 2020లో బడి సంచుల విధానం ఒకటి తెచ్చింది. ప్రీప్రైమరీ పిల్లలకు సంచే వద్దంది. ఒకటో తరగతికి 1.6 నుంచి 2.2 కిలోలు చాలంది. రెండో తరగతి దాకా హోంవర్కు ఊసే ఎత్తొద్దంది. ఆ కాగితానికి బరువు లేదు కాబోలు, ఎటో ఎగిరిపోయింది.

మొదటి పాఠం స్టాండింగ్ లైన్, స్లీపింగ్ లైన్. అదేనండీ, నిలువు గీత, అడ్డ గీత. గీతలు నిలబడొచ్చు, పడుకోవచ్చు. బుజ్జిగాడు మాత్రం చేతులు కట్టుకుని కూర్చోవాలి. రాత్రి తొమ్మిదయ్యేసరికి వాడే సోఫాలో స్లీపింగ్ లైన్. అమ్మ ఎడమచేత్తో పెన్సిల్ పట్టుకుని, వంకర్లు పోయేలా శ్రద్ధగా హోంవర్కు పేజీ నింపింది. మరీ తిన్నగా గీస్తే మిస్సు పట్టేస్తుందట! పొద్దున నోటుబుక్కులో రెండు స్టార్లు, పక్కన 'గుడ్'. అమ్మ పాసు.

2021 జులైలో మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్ లక్ష్యం ఏమిటంటే, 2026-27కల్లా పిల్లలంతా మూడో తరగతి ముగిసేలోగా అర్థం చేసుకుని చదవడం, చిన్న లెక్కలు చేయడం. మూడో తరగతి! ఎల్కేజీ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మాత్రం రెండో రోజే నిలదీత: "ఏబీసీడీలు ఇంకా అవలేదేం మేడమ్?"

మేడమ్ జవాబు వెంటనే వచ్చింది: "రేపు మరో రెండు ఫోర్ లైన్ కాపీలు పంపండి."