పిల్లాజెల్లా రండి, పూచీ మాత్రం అడగొద్దు

ఈత రాకపోయినా పర్వాలేదు. ఇదే మొదటిసారైనా పర్వాలేదు. చంటిపిల్లలున్నా పర్వాలేదు. సెలవులొస్తే చాలు, ఫోన్ తెరవగానే ఇదే వరస. రబ్బరు తెప్ప, తెల్లటి నురుగు, నోరారా నవ్వుతున్న ఓ కుటుంబం. వైట్ వాటర్ ర్యాఫ్టింగ్, ఫ్యామిలీ ప్యాకేజీ, టిఫిన్ ఫ్రీ! ఇన్ని పర్వాలేదులు పలికిన పెద్దమనిషే ఏటి ఒడ్డుకు చేరగానే ఓ కాగితం చేతికిస్తాడు. సంతకం పెట్టమంటాడు. చీమ తలకాయంత అక్షరాలు. ఏం జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదన్నది వాటి సారాంశం. డబ్బు కట్టేదాకా పర్వాలేదు. తెప్ప ఎక్కేముందు బాధ్యత లేదు. ఈ రెండింటి మధ్యన కూర్చున్నది ఎవరు? మీ ఏడేళ్ల పిల్లాడు.

ఆ కాగితం చదివారా? చదవలేదు. చదివితే వెనకున్నవాళ్లు గొణుగుతారు. గీకెయ్ సామీ, టైమవుతోంది!

అమరాపురం, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాళ్లకు ఈ ప్రకటన మరీ తీపి. ఎందుకు కాదు? ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన మన వాటా. అదీ పడితే. మ్యాపులో మాత్రం మనకు నదులకేం కొదవ? పెన్న, జయమంగళి, చిత్రావతి. నందికొండల దగ్గర పుట్టిన పెన్న ఆంధ్రలో తొలి అడుగు పెట్టేది హిందూపురం దగ్గరే. ఆ అడుగు తడిగా ఉండేది ఏ ఏడాదో! మిగతా రోజుల్లో ఇసుక, కంపచెట్లు, ట్రాక్టర్ చక్రాల గుర్తులు. నది అంటే మనకు ఇసుక దొరికే చోటు. నీళ్లు వేరే శాఖ.

ఒకప్పుడు ఈ పల్లెల్లో బావులుండేవి. నడుముకు బెండ్లు కట్టి తాతలు పిల్లోళ్లను బావిలోకి తోసేవాళ్లు. నాలుగు రోజులు నీళ్లు మింగితే ఐదో రోజు ఈత వచ్చేది. బావులెండాయి. బోర్లొచ్చాయి. వెయ్యి అడుగుల లోతుకు దించినా బోరులో ఈత నేర్చుకోలేం కదప్పా! నీళ్లంటే ట్యాంకరు, నదంటే రీలు అనుకునే తరం తయారైంది. చెరువులు ఎండగట్టి, బావులు పూడ్చి, పిల్లలకు ఈత లేకుండా చేసిన పెద్దలే ఇప్పుడు 'ఈత రాకపోయినా పర్వాలేదు' అన్న మాటకు మురిసిపోతున్నారు. అసలు పర్వా ఉండాల్సింది అక్కడే కదా?

సరే, మన దగ్గర లేదు కాబట్టి కర్ణాటకలోని దండేలి. కాళీ నది. అక్కడి నురుగు కూడా నేరుగా దేవుడిచ్చింది కాదు. గణేశగుడి దగ్గర సూపా డ్యాం ఉంది. కరెంటు కోసం పైన నీళ్లు వదిలితేనే కింద తెప్పలు కదులుతాయి. అంటే మీ పిల్లాడి సరదా ఎక్కడో ఒక కంట్రోల్ రూమ్‌లో మీట నొక్కే మనిషి చేతిలో ఉంది. నీళ్లు ఎప్పుడు వదులుతారు, ఎంత వదులుతారు, సైరన్ మోగుతుందా? ప్యాకేజీ అమ్మినవాణ్ణి ఈ మూడూ అడగండి. 'సాయంత్రం క్యాంప్‌ఫైర్ ఉంటుంది సార్' అంటాడు.

నది ఉరవడిని ప్రపంచమంతా ఒకటి నుంచి ఆరు దాకా గ్రేడ్లు కట్టి కొలుస్తుంది. ఒకటంటే చిన్న అలలు. రెండంటే దారి తేటగా కనిపించే తేలిక జలాలు. మూడుకొచ్చేసరికి అల తెప్పను ముంచెత్తగలదు, తెడ్డు వెయ్యడం తెలిసిన చెయ్యి ఉండి తీరాలి. ఆరంటే ప్రాణం మీద ఆశ లేనివాడికి. ఇంకో సంగతుంది. అదే నది, అదే చోటు, అదే గ్రేడులో ఏడాదంతా ఉండదు. నీళ్లు పెరిగితే గ్రేడు మారుతుంది. ప్రకటన మాత్రం మారదు. జనవరిలో తీసిన ఫొటోతో ఆగస్టులో టికెట్లు అమ్ముతారు.

పిల్లలతో నురుగునీటి మీద పోవడం పాపమా? కాదు. ఒకటి, రెండు గ్రేడ్ల జలాల్లో, పిల్లల కొలతకు కుట్టిన జాకెట్‌తో, తలకు హెల్మెట్‌తో, శిక్షణ పొందిన గైడుతో, తెప్ప వెంట ఓ రక్షణ కయాక్‌తో, విసిరే తాడు పట్టుకుని ఒడ్డున నిలబడ్డ మనిషితో చక్కగా పోవచ్చు. చాలా దేశాల్లో పోతున్నారు. కానీ ఇవన్నీ ఖర్చులు. ఖర్చు తగ్గించుకునే చోటే లాభం పుడుతుంది. పెద్దవాళ్ల జాకెట్ పిల్లాడికి తొడిగితే ఏమవుతుంది? నీళ్లలో పడగానే జాకెట్ పైకి లేస్తుంది, పిల్లాడు కిందికి జారతాడు. కాళ్ల మధ్యనుంచి బిగించే పట్టీ అందుకే. మీకిచ్చిన జాకెట్‌కు ఆ పట్టీ ఉందా? ఉందో లేదో చూశారా, లేక రంగు బాగుందని ఫొటో తీశారా?

రిషికేశ్‌లో గంగ మీద తెప్ప ఎక్కాలంటే నిబంధనల ప్రకారం 14 ఏళ్లు నిండాలి. వానాకాలంలో అసలు నడపకూడదు. 2018 జూన్‌లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఓ మెట్టు పైకెక్కి, సరైన నిబంధనలు తెచ్చేదాకా ర్యాఫ్టింగే ఆపెయ్యమంది. నది చూస్తూ పెరిగిన రాష్ట్రానికే కోర్టు చెబితే గానీ బుద్ధి రాలేదు. మరి నది చూడని జిల్లాలో టికెట్ కొనే మనకు ఎవరు చెప్పాలి?

మన సర్కారు చెబుతుంది. తప్పకుండా చెబుతుంది. మునిగాక!

2017 ఏప్రిల్. మన ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే, గుంతకల్లు దగ్గర వై.టి.చెరువు. బంధువులంతా కలిసి సరదాగా పడవెక్కారు. మోయగలిగిన దానికి మించి ఎక్కారు. పడవ తిరగబడింది. పదిమందికి పైగా పోయారు. అందులో పసిపిల్లలున్నారు. కరువు జిల్లాలో నీళ్లలో పడి కుటుంబాలకు కుటుంబాలే పోవడం! వినడానికే ఎంత వింతగా ఉంది? వింతేం కాదు. ఏటా నిండే చెరువుకు భయం తెలుసు. ఎప్పుడో నిండే చెరువుకు ముచ్చటే తెలుసు.

అదే ఏడాది నవంబరు 12, కార్తీక ఆదివారం. విజయవాడ దగ్గర పవిత్ర సంగమం. అనుమతి లేని పడవ, ఒంటి మీద జాకెట్ లేని జనం, ఇరవైమందికి పైగా మృతులు. నదీ హారతి చూడబోయినవాళ్లకే నది హారతి పట్టింది. 2018 మే 11, దేవీపట్నం దగ్గర టూరిస్టు బోటు తగలబడింది. అందులోని వాళ్లు అదృష్టం కొద్దీ బతికారు. హెచ్చరిక అందింది కదా, మారి ఉంటారా? నాలుగు రోజులకే మంటూరు దగ్గర లాంచీ మునిగింది. ఈసారి పోయింది సరదాకు వచ్చినవాళ్లు కాదు, ఊళ్లకు తిరిగి వెళ్తున్న గిరిజనులు. వాళ్లకు రోడ్డు లేక లాంచీ ఎక్కారు. మనకు పొద్దుపోక ఎక్కుతాం. మునిగేటప్పుడు మాత్రం అందరిదీ ఒకటే క్లాసు.

ఇక 2019 సెప్టెంబరు 15. కచ్చులూరు. గోదావరిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద. పాపికొండల షికారుకు 77 మందితో రాయల్ వశిష్ఠ బయల్దేరింది. బతికింది 26 మంది. అంత వరదలో బోటును ఎవరు వదిలారు? ఎవరికి వారే 'నేను కాదు' అన్నారు. పోర్టు శాఖ, జలవనరుల శాఖ, పర్యాటక శాఖ, పోలీసులు. ఇంతమంది కాపలా ఉన్న నదిలో అంత పెద్ద బోటు ఎవరి కంటా పడకుండా పోయిందంటే, అది బోటా, చేపా? నౌకాదళం వచ్చింది, ఎన్డీఆర్‌ఎఫ్ వచ్చింది. చివరికి అక్టోబరు 22న ఆ బోటును బయటికి లాగింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం. లంగర్లు, తాళ్లు, నీటి మీద బతికినవాళ్ల ఒడుపు. ఆ తర్వాత సర్కారు మేల్కొంది. తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములన్నారు. శంకుస్థాపన జరిగింది. ఫొటోలు పడ్డాయి. ప్రతి ప్రమాదానికీ ఓ కమిటీ, ఓ నిషేధం, ఓ పరిహారం చెక్కు. మూడు నెలలకు నిషేధం ఎత్తేస్తారు. కమిటీ నివేదిక ఎక్కడుంది? దాన్ని పైకి లాగడానికి మళ్లీ ధర్మాడి సత్యాన్నే పిలవాలేమో!

తెప్ప ఎక్కకపోతే క్షేమం అనుకుంటున్నారా? 2014 జూన్ 8. హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు హిమాచల్‌లో బియాస్ నదిలోని రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్నారు. ఎగువన లార్జీ డ్యాం నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. ఒక్కో కుటుంబానికి 20 లక్షలు ఇవ్వమని తర్వాత కోర్టు చెప్పింది. ముందుగా ఒక సైరన్, ఒక కాపలా మనిషి, ఒక కంచె పెట్టి ఉంటే ఎంతయ్యేది? ఆ లెక్క ఏ బడ్జెట్‌లోనూ కనిపించదు. మన దగ్గర పరిహారానికి పద్దు ఉంది. జాగ్రత్తకు లేదు.

ఇంతకీ మన జిల్లాలో ఉచిత ర్యాఫ్టింగ్ కూడా జరిగింది, మరిచారా? 2021 నవంబరు 19. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతిలో ఓ కారు చిక్కుకుంది. కాపాడటానికి జేసీబీ పోయింది. జేసీబీ కూడా చిక్కుకుంది. చుట్టూ వరద, మధ్యలో యంత్రం, దాని మీద మనుషులు. మొత్తం పదిమంది. చివరికి భారత వైమానిక దళం ఎంఐ-17 హెలికాప్టర్ వచ్చి పైకి లాగింది. ఆ సైనికులకు దండం. కానీ ఒక్క మాట. వాగు పొంగితే మనకున్న తొలి పరికరం జేసీబీ, మలి పరికరం హెలికాప్టర్. మధ్యలో ఏమీ లేదా? మండలానికో రబ్బరు పడవ, పది జాకెట్లు, వంద మీటర్ల తాడు, వాటిని వాడటం తెలిసిన నలుగురు కుర్రాళ్లు. హెలికాప్టర్ ఒక్కసారి లేచే ఖర్చు కంటే ఇవి ఎక్కువవుతాయా?

కానీ ఇలాంటివాటికి రిబ్బన్ కత్తిరింపు ఉండదు. చెరువు మరువ పారితే నాయకులకు జలహారతి గుర్తొస్తుంది. పసుపు, కుంకుమ, చీర, డ్రోన్ కెమెరా. శ్రీశైలం వెనక జలాలు హంద్రీ-నీవా లిఫ్టులెక్కి గొల్లపల్లి రిజర్వాయర్ దాకా వచ్చాయి. సంతోషం. నీళ్లు రాగానే నోట్లో ఊరే మొదటి మాట బోటింగ్! నీళ్లు రావడానికి దశాబ్దాలు పట్టింది. బోటింగ్ మాటకు పది నిమిషాలు చాలు. ఒడ్డున రెయిలింగ్, లోతు చెప్పే బోర్డు, ఈత తెలిసిన కాపలాదారు? అవన్నీ రెండో విడత. రెండో విడత ఎప్పుడు? మొదటి శవం తేలాక.

2024 నవంబరులో విజయవాడ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ఎగిరింది. ముఖ్యమంత్రే ఎక్కారు. అదే ఏడాది కొత్త పర్యాటక విధానంలో టూరిజానికి పరిశ్రమ హోదా ఇచ్చారు. భేష్! పరిశ్రమ అంటే తనిఖీ ఉంటుంది కదా? ఫ్యాక్టరీకి ఇన్‌స్పెక్టర్ ఉన్నట్టు తెప్పకు ఎవరున్నారు? 1917 నాటి పడవల చట్టం పోయి 2021లో కొత్త చట్టం వచ్చింది. ఇంజను లేని పడవల బాధ్యతను రాష్ట్రాలు కావాలంటే స్థానిక సంస్థలకు అప్పజెప్పొచ్చని అందులో వెసులుబాటు ఉంది. అంటే పంచాయతీకి. వీధి బల్బు మార్చడానికే నిధుల్లేవనే పంచాయతీ, రబ్బరు తెప్పలో గాలి కొలుస్తుందన్నమాట. నవ్వొస్తోందా? నవ్వండి. నవ్వడానికి ఇంకా జీఎస్టీ వెయ్యలేదు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? మిక్సీ కొంటే వారంటీ కార్డు మీద షాపు ముద్ర పడేదాకా కదలం. ధర్మవరం చీర కొనేటప్పుడు జరీని వేలితో గీకి చూస్తాం. చింతపండు కిలో కొంటే గింజ తీశారా లేదా అని తిప్పి తిప్పి చూస్తాం. పిల్లాడి ప్రాణం కట్టిన బకిల్ మాత్రం చూడం. పైగా గైడు హెల్మెట్ పెట్టుకోమంటే జుట్టు చెదురుతుందని గొడవ. 'ఆరుగురే ఎక్కాలి' అంటే 'మా మరదలు ఒక్కతే కదన్నా, సర్దుకుంటాం' అని బతిమాలడం. నది సర్దుకోదు. దానికి మన చుట్టరికాలు తెలియవు.

అందుకే ఈసారి డబ్బు కట్టేముందు నోరు విప్పండి. ఈ రోజు నీళ్ల గ్రేడు ఎంత? డ్యాం నీళ్లు వదిలే వేళ ఏది? పిల్లల కొలత జాకెట్లు ఎన్ని ఉన్నాయి, తీసి చూపిస్తావా? మీ గైడు ఎవరి దగ్గర శిక్షణ పొందాడు? తెప్ప తిరగబడితే ఒడ్డున తాడు విసిరేది ఎవరు, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం? నసిగితే వెనక్కి తిరగండి. అడ్వాన్సు పోతే పోయింది.

ఇక ఏలినవారికి ఒకే ఒక్క విన్నపం. రేపు మన జిల్లాలో చెరువులోనో, రిజర్వాయర్‌లోనో బోటింగ్, ర్యాఫ్టింగ్ ఏదైనా మొదలుపెడతారు కదా. ప్రారంభోత్సవం నాడు కొత్త జాకెట్లు తెప్పించి, గజ ఈతగాళ్లను చుట్టూ నిలబెట్టి, మంత్రిగారు రెండు నిమిషాలు ఊగి దిగొద్దు. మూడు నెలలాగి, చెప్పకుండా ఓ ఆదివారం రండి. జనానికిచ్చే ఆ మాసిన జాకెట్లే తొడగండి. ఆ అతుకుల తెప్పే ఎక్కించండి. మీ మనవళ్లను, మనవరాళ్లను, కాంట్రాక్టరుగారి పిల్లల్ని, అనుమతి సంతకం పెట్టిన ఆఫీసరుగారి పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. బాధ్యత లేదన్న కాగితం మీద మీరూ ఓ సంతకం గీకండి. మేం ఒడ్డున నిలబడి చప్పట్లు కొడతాం. వాళ్లు క్షేమంగా తిరిగొచ్చాక మా పిల్లోళ్లకు టికెట్ కొంటాం.

ఏం సార్, చెయ్యి వణుకుతోందా?