రీలు కెమెరాతో కుటుంబ ప్రయాణం: తప్పనిపించే సలహాలు

ఇంటిల్లిపాదీ కారెక్కి జనగామ, మానుకోట, భూపాలపల్లి చుట్టి రావాలనుకుంటే ఫిల్మ్ కెమెరా ఒక్కటే పట్టుకెళ్లండి. పిల్లలకొకటి, పెద్దలకొకటి వద్దు. తోడుగా డిజిటల్ కెమెరా అసలే వద్దు. దారి చూసుకోవడానికి ముందు సీట్లో ఒక ఫోన్ చాలు, మిగతావన్నీ సంచీలో పడి ఉండనివ్వండి. ఫోటోగ్రఫీ తెలిసినవాళ్లు ఈ మాట వింటే తల పట్టుకుంటారు. "రీలు పాడైతే చేతిలో ఏం మిగులుతుంది?" అంటారు. ఏమీ మిగలదు. ఆ సంగతి అందరికీ తెలిసి ఉంటేనే కారు ఆగినప్పుడు అందరూ దిగుతారు, ఒక్క చోట నిలబడతారు. ఫోన్ జేబులో ఉంటే ఎవరి ఫోటో వాళ్లు తీసుకుని ఎవరి సీట్లో వాళ్లు కూర్చుంటారు.

మూడు జిల్లాలకు మూడు రీళ్లు, రీలుకు 36 ఫోటోలు. రంగుల రీలు ఒక్కటి వెయ్యి రూపాయలకు అటూ ఇటూ పలుకుతోంది. కడిగించడానికి, స్కాన్ చేయించడానికి ఇంకొంత అవుతుంది. ఎక్కువ కొని దగ్గర పెట్టుకోవడం మంచిదని చెప్పేవాళ్ల మాట వినకండి. జనగామ రీలు పాలకుర్తిలోనే అయిపోయిందా, అయిపోయిందనే అనుకోండి. తొర్రూరు దాటేదాకా రెండోది విప్పొద్దు. రీలులో ఇంకా ఎన్ని ఉన్నాయో చిన్నపిల్లలకు కూడా తెలియాలి. అప్పుడు వాళ్లే చెప్తారు, ఇది తీయాలా వద్దా అని.

కెమెరా కొత్తగా కొనొద్దు. అటక మీద బాబాయి యాషికా ఉంటుంది, లేకపోతే మేనమామ ఇంట్లో పెంటాక్స్ కె1000 ఉంటుంది. రీలు లేకుండా వెనక మూత తెరిచి, షట్టర్ నొక్కుతూ లెన్స్ గుండా వెలుతురు వస్తుందో లేదో చూడండి. మూత అంచుల్లోని నల్ల ఫోమ్ ఇన్నేళ్లలో జిగటగా మారి ఉంటుంది. దాన్ని గీకేసి గాడిలో నల్ల ఉన్ని దారం అతికిస్తే వెలుతురు చొరబడదు. కె1000, నికాన్ ఎఫ్ఎం2 లాంటి వాటిలో షట్టర్‌కు బ్యాటరీ అక్కర్లేదు. అలాంటిది దొరికితే బ్యాటరీ తీసేయండి. మీటరు చూస్తూ కూర్చుంటే ఎదుటి మనిషి ముఖం మారిపోతుంది. 200 ఐఎస్ఓ రీలు వేసి, ఎండలో షట్టర్ 250 మీద, అపర్చర్ 11 మీద పెట్టండి. లెక్క ప్రకారం 16 పెట్టాలి కానీ రంగుల నెగెటివ్ ఫిల్మ్ ఎక్కువ వెలుతురును ఓర్చుకుంటుంది, తక్కువైతేనే ఓర్వదు. 50 ఎంఎం లెన్స్ అయితే దూరం 3 మీటర్ల దగ్గర పెట్టి వదిలేయండి. రెండు మీటర్లు దాటిన దగ్గర్నుంచి ఇంచుమించు ఐదు మీటర్ల దాకా అన్నీ తేటగా పడతాయి. చెట్టు నీడలోకి వెళ్తే షట్టర్ 125, అపర్చర్ 4. అక్కడ మాత్రం దూరం సరిగ్గా చూసుకోవాలి. ఈ రెండు లెక్కలూ ఒక చీటీ మీద రాసి కెమెరా వెనక అతికిస్తే ఇంట్లో ఎవరైనా తీయగలరు.

ఇక భంగిమల సంగతి. ఎవరూ చూడనప్పుడు తీసిన ఫోటోయే సహజంగా ఉంటుందని ఈ మధ్య అందరూ అంటున్నారు. నేను ఒప్పుకోను. మనుషుల్ని నిలబెట్టండి. పెద్దవాళ్లకు కుర్చీలు వేయండి, కోడళ్లూ కొడుకులూ వెనక, పిల్లలు కింద. చేతులు మోకాళ్ల మీద. "నవ్వండి" అని చెప్పొద్దు. ఆరో నిజాం దర్బారు ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ తీసిన బృంద చిత్రాలు చూడండి. కదలకుండా కెమెరాలోకి చూస్తున్న ఆ ముఖాల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసిపోతుంది. మన ఊళ్ల స్టూడియోల్లో దిగిన పాత ఫోటోలూ అంతే. నాయినమ్మ కొంగు సర్దుకుని, గాజులు ముందుకు జరుపుకుని కూర్చోవడం కృత్రిమం కాదు. తనను ఇలా గుర్తుపెట్టుకోమని ఆమె మనకు చెప్తోంది. తెలియకుండా తీసిన ఫోటోలో ఆమెకు ఆ అవకాశం ఉండదు.

జనగామ దగ్గర్లోనే హైవే మీద పెంబర్తి వస్తుంది. అక్కడి పనివాళ్లు లక్క పరిచిన పలక మీద ఇత్తడి రేకు బిగించి, ఉలితో సన్నగా కొడుతూ పువ్వునో నెమలినో పైకి లేపుతారు. అక్కడికి వెళ్లిన ప్రతి ఫోటోగ్రాఫరూ ఆ చేతుల్నే దగ్గరగా తీస్తాడు. మీరు చేతులు తీయకండి. పనిచేసే ఆయనను అడిగి, ఆయన ఒప్పుకుంటే మీ వాళ్ల మధ్య నిలబెట్టి తీయండి. చిరునామా రాసుకోండి, ప్రింటు పోస్టులో పంపండి. పంపలేమనుకుంటే తీయొద్దు.

బమ్మెరలో పోతన ముఖం ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు, విగ్రహం ఊహతో చేసిందే. దాని ముందు ఫోటో దిగడం కంటే పక్క పొలం గట్టు మీద మీ తాతను నిలబెట్టండి.

ఫోటోలకు మధ్యాహ్నం ఎండ పనికిరాదనేది అందరూ చెప్పే మాట. తెల్లవారుజామున, సాయంత్రం మాత్రమే తీయమంటారు. మానుకోటలో మాత్రం మిట్టమధ్యాహ్నమే తీయండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్తే చేల పక్కన కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. ఎర్రగా, నేల కనపడకుండా. వాటి మధ్య కాళ్లు ఈడుస్తూ నడుస్తుంది ఒకామె, కింది కాయలు పైకి రావాలని. ఆమె నడిచిన చోట చాళ్లు పడతాయి, ఘాటుకు మీ పిల్లలకు తుమ్ములూ దగ్గూ మొదలవుతాయి. ఆ పంట ఆరేది ఆ ఎండలోనే. సాయంత్రం మెత్తటి వెలుతురులో తీస్తే కల్లం అందంగానే ఉంటుంది, కానీ ఆమె పడుతున్న కష్టం అందులో ఉండదు. తలపాగా కింద కళ్లు చీకటిగా పడినా పడనివ్వండి. "అక్కా, ఒక ఫోటో తీసుకుంటం" అని అడగకుండా మాత్రం కెమెరా ఎత్తొద్దు.

భూపాలపల్లికి వెళ్లే దారిలోనే రామప్ప గుడి ఉంటుంది, ములుగు జిల్లాలో. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. అక్కడ కెమెరా సంచీలోంచి తీయొద్దు. అక్కడి మదనిక శిల్పాలను మీకంటే బాగా తీసినవాళ్లు ఎందరో ఉన్నారు, వాటిని కళ్లతోనే చూడండి. అక్కడ మిగిల్చిన ఫోటోలు గణపురం కోటగుళ్ల దగ్గర ఖర్చుపెట్టండి. కాకతీయుల నాటి 13వ శతాబ్దపు గుడి, చుట్టూ చిన్న చిన్న గుళ్లు, మెట్ల మీద కూర్చోవడానికి చోటు. గుడి మొత్తం రావాలని వెనక్కి వెనక్కి నడవొద్దు. మనుషులు పెద్దగా, రాళ్లు కొద్దిగా. వరంగల్‌కు చెందిన భరత్ భూషణ్, 2022 జనవరిలో కన్నుమూసిన ఫోటోగ్రాఫర్, తెలంగాణ ఇళ్ల దర్వాజలను, బతుకమ్మ ఆడే ఆడవాళ్లను జీవితమంతా తీశారు. ఇల్లూ ఇంటి మనిషీ తీయదగ్గ విషయాలేనని ఆయన ఫోటోలు చూసిన నాకు అనుమానం లేదు.

భూపాలపల్లిలో జాగ్రత్త. గనుల గేటు లోపల, చెల్పూరు కరెంటు కేంద్రం దగ్గర కెమెరా వద్దు. రోడ్డు పక్కన నిలబడి రీలు మార్చొద్దు. బొగ్గు ధూళి రవ్వ ఒక్కటి రీలు డబ్బా నోటి దగ్గరి మఖమలు పట్టీలో ఇరుక్కుంటే, మొదటి ఫోటో నుంచి చివరిదాకా ఒకే గీత పడుతుంది. అద్దాలు ఎక్కించి, వెనక సీట్లో, చిన్నమ్మ కొంగు నీడలో మార్చండి. ఎండాకాలమైతే రీళ్లు డ్యాష్‌బోర్డు మీద, డిక్కీలో ఉంచొద్దు. మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో వేసి సద్ది గిన్నెల సంచీలో, కాళ్ల దగ్గర పెట్టండి.

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. గర్భగుడిలో ఫోటో ఊసెత్తొద్దు. గోదావరిలో ప్రాణహిత కలిసే చోట, స్నానాలయ్యాక, కెమెరాను ఎన్నడూ పట్టుకోని మనిషి చేతికివ్వండి. నాయినమ్మకైతే మరీ మంచిది. "అవ్వా, ఇది నొక్కు" అంటే చాలు. ఒరిగిపోతుంది, తలలు తెగుతాయి, అయినా ఆ ఫోటో ప్రింటు వేయించండి. ఏ ఆల్బమ్‌లోనైనా ఆమె కుర్చీలోనే ఉంటుంది. ఆమె ఎటు నిలబడి మనల్ని చూసిందో చెప్పేది ఆ ఒక్క ఫోటోయే.

రీళ్లు వెంటనే కడిగించమని కంపెనీలు చెప్తాయి. దసరా దగ్గర పడేదాకా ఆగండి. ప్లాస్టిక్ డబ్బాల్లో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే ఆ కొన్ని నెలల్లో పెద్దగా నష్టం ఉండదు. పంపే రోజు ముందుగా బయట పెట్టి, చల్లదనం పోయాకే మూత తీయండి. ల్యాబులు పెద్ద నగరాల్లోనే మిగిలాయి కాబట్టి కొరియర్‌లో పంపి, బతుకమ్మకు ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చే రోజులకు ప్రింట్లు చేతికందేలా చూసుకోండి. వెనక పెన్సిల్‌తో పేర్లు, ఊరు, నెల రాయండి. బాల్‌పెన్ నొక్కితే ముందు వైపు గుర్తు పడుతుంది.

నెగెటివ్‌లు కొడుకు దగ్గర ఉంచొద్దు. ఆల్బమ్ ఎలాగూ ఆ ఇంట్లోనే ఉంటుంది, గోడ మీది ఫోటో కూడా అక్కడే. అత్తారింటికి వెళ్లిన కూతురికి పుట్టింటిదంటూ చూపించుకోవడానికి పెళ్లి ఫోటోలు తప్ప ఏమీ ఉండవు. ఆరేసి ఫోటోల ముక్కలు ఆరు ఒక కవరులో పడతాయి, మూడు రీళ్లకు మూడు కవర్లు. వాటిని ఆమెకివ్వండి. వానాకాలంలో తేమ పట్టే గోడకు ఆనిన బీరువాలో పెట్టొద్దని చెప్పండి, బూజు పడుతుంది. తమ్ముడికి ప్రింటు కావాలంటే ఆమెను అడుగుతాడు.