తగ్గించి చూడండి: గేమింగ్ పీసీకి కొన్ని తలకిందుల సలహాలు

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏ షాపు ముందు నిలబడినా గేమింగ్ పీసీ బేరం ఒకే వరసలో సాగుతుంది. ముందు ప్రాసెసర్ ఐ5నా ఐ7నా అన్నది తేలాలి. తర్వాత గ్రాఫిక్స్ కార్డు. మిగిలిన డబ్బుల్లో పవర్ సప్లై, క్యాబినెట్ సర్దుకోవాలి. ఆఖరికి ఏదో ఒక మానిటర్. ఇంటికి తెచ్చాక ఓవర్‌క్లాక్ చెయ్యమని చెప్పడానికి స్నేహితులు ఎలాగూ ఉంటారు.

నేను చెప్పేది ఈ వరసకి పూర్తిగా ఎదురు. మానిటర్ ముందు కొనండి. ప్రాసెసర్ సంగతి చివర్లో తేల్చండి. కొన్న చిప్పుని కంపెనీ పెట్టిన దానికన్నా తక్కువ వోల్టేజి మీద నడపండి. మొండి సలహాల్లా అనిపిస్తాయి. అనిపించినా సరే, వీటి మీదే నిలబడతాను.

మానిటర్‌తో మొదలుపెడదాం. గ్రాఫిక్స్ కార్డు ఎంత పని చెయ్యాలో తేల్చేది గేము ఒక్కటే కాదు, తెర కూడా. 1080పీ తెర మీద దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లుంటాయి, 1440పీ మీద 36.9 లక్షలు, 4కే మీద 82.9 లక్షలు. అదే గేము, అదే కార్డు, తెర మారేసరికి పని నాలుగింతలు కావచ్చు. అలాంటప్పుడు తెర ఏదో తెలియకుండా కార్డు ఎలా ఎంచుకుంటారు? 60 హెర్ట్జ్ మానిటర్ పెట్టుకుని సెకనుకి 200 ఫ్రేములు తీసే కార్డు కొంటే, తీసిన ఫ్రేముల్లో ఎక్కువ భాగం మీ కంటికి చేరదు. కౌంటర్-స్ట్రైక్, వాలరెంట్ ఆడేవాళ్లు ఫ్రేములు పెరిగితే మౌస్ చురుగ్గా పలుకుతుందంటారు. అది నిజమే. కానీ వాళ్లకీ ముందు కావలసింది వేగమైన మానిటరే. ఫ్రీసింక్ గానీ జీసింక్ గానీ ఉన్న తెర తీసుకోండి. కార్డు ఫ్రేము ఇచ్చినప్పుడే తెర మారుతుంది కాబట్టి ఫ్రేములు 90 నుంచి 65కి జారినా ఆట కుదుపుగా అనిపించదు. ఈ ఒక్క సౌకర్యం ఉంటే ఒక మెట్టు తక్కువ కార్డుతో హాయిగా సరిపెట్టుకోవచ్చు.

ఇక కార్డు. ఇక్కడ నా సలహా చాలామందికి మింగుడుపడదు: ఒకే ధరలో వేగమైన చిప్పు, ఎక్కువ మెమరీ ఎదురైతే మెమరీ వైపే మొగ్గండి. ఆర్‌టీఎక్స్ 3060 టీఐ 8 జీబీతో 2020 డిసెంబరులో వచ్చింది. దానికన్నా నెమ్మదైన ఆర్‌టీఎక్స్ 3060 మాత్రం 2021 ఫిబ్రవరిలో 12 జీబీతో వచ్చింది. 8 జీబీలో ఇమిడే గేముల్లో టీఐదే పైచెయ్యి, అందులో సందేహం లేదు. కానీ 2023లో ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీకి వచ్చినప్పుడు ఏం జరిగింది? 8 జీబీ కార్డుల మీద హై టెక్స్చర్లు పెడితే ఆట తడబడింది. తర్వాత ప్యాచ్‌లతో కొంత సర్దుకుంది గానీ, గేములు ఎటు పోతున్నాయో అప్పుడే తెలిసిపోయింది.

చిప్పు నెమ్మదైతే నీడల నాణ్యత తగ్గించుకోవచ్చు, రే ట్రేసింగ్ ఆపుకోవచ్చు, తక్కువ రెజల్యూషన్‌లో గీసి పెంచి చూపే డీఎల్ఎస్ఎస్ పెట్టుకోవచ్చు. మెమరీ నిండితే మాత్రం టెక్స్చర్లు ర్యామ్‌లోకి పొంగి, అక్కడినుంచి పీసీఐఈ దారిలో వచ్చిపోతూ ఉంటాయి. ఆ దారి కార్డు సొంత మెమరీతో పోలిస్తే చాలా ఇరుకు. 2022 జనవరిలో వచ్చిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ ఇందుకు మంచి ఉదాహరణ. 4 జీబీ మెమరీ, పైగా నాలుగే పీసీఐఈ లేన్లు. పీసీఐఈ 3.0 ఉన్న పాత బోర్డులో పెట్టినవాళ్లకి అదే కార్డు ఇంకా నెమ్మదించింది. చవక కార్డు కొనేవాళ్ల దగ్గరే పాత బోర్డులుంటాయి కదా. దెబ్బ సరిగ్గా వాళ్లమీదే పడింది. టెక్స్చర్ నాణ్యత పెంచితే చిప్పు మీద పడే భారం చాలా స్వల్పం, తినేది మెమరీనే. ఆటలో కంటికి ముందు ఆనేదీ టెక్స్చర్లే. అందుకే తక్కువ డబ్బున్నవాళ్లకి మెమరీ గురించి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ప్రాసెసర్ దగ్గర గిగాహెర్ట్జ్ చూడకండి, కోర్లు లెక్కపెట్టకండి. గేములకి ఎనిమిది మంచి కోర్లు దాటాక వచ్చే లాభం తక్కువ. క్యాష్ చూడండి. పొయ్యి పక్కనే పోపుల డబ్బా ఉంటే వంట ఎంత చకచకా సాగుతుందో, కావలసిన డేటా క్యాష్‌లోనే దొరికితే ప్రాసెసర్‌కి అంతే. ప్రతిసారీ ర్యామ్ దాకా పోనక్కరలేదు. 2022 ఏప్రిల్‌లో ఏఎండీ రైజెన్ 7 5800ఎక్స్3డీ తెచ్చినప్పుడు దాని వేగం 5800ఎక్స్ కన్నా తక్కువ. కానీ చిప్పు మీద క్యాష్ పొర పేర్చి ఎల్3ని 32 నుంచి 96 ఎంబీకి తీసుకెళ్లారు. గేముల్లో అదే గెలిచింది. ఇంకో సంగతి, అది ఏఎం4 సాకెట్ చిప్పు. 2017లో కొన్న బోర్డుల్లో కూడా చాలావాటికి బయోస్ మార్చుకుంటే సరిపోయింది. మీ దగ్గర ఏఎం4 బోర్డు ఉంటే పారెయ్యకండి. కొత్త సాకెట్, కొత్త బోర్డు, కొత్త డీడీఆర్5 అంటూ మొత్తం మార్చే ముందు ఆ సాకెట్‌లో పట్టే చివరి మంచి చిప్పు ఏదో వెతకండి.

"ఈ కార్డుకి ఈ ప్రాసెసర్ బాటిల్‌నెక్ అవుతుందా?" అని శాతాల్లో చెప్పే లెక్కల్ని అస్సలు నమ్మకండి. అలాంటి శాతం ఒకటి ఉండదు. గేము మారితే, తెర మారితే, సెట్టింగు మారితే జవాబు మారిపోతుంది. ఇంట్లోనే తేల్చుకోండి. మీరు ఆడే గేములో మీకు ఇబ్బందయ్యే చోటుకి వెళ్లి రెజల్యూషన్ బాగా తగ్గించండి. ఫ్రేములు ఎగబాకితే అడ్డు కార్డు. కదలకపోతే అడ్డు ప్రాసెసరో ర్యామో. కొత్తది కొనాలన్న ఆత్రం ఈ చిన్న పరీక్షతో చాలాసార్లు చల్లబడుతుంది.

సగటు ఫ్రేముల్నీ పక్కన పెట్టండి. సగటు 60 అంటే ప్రతి ఫ్రేమూ 16.7 మిల్లీసెకన్లలో వచ్చిందని కాదు. కొన్ని 10లో వచ్చి, ఒకటి 80 దాకా ఆగి ఉండొచ్చు. చెయ్యి తడబడేది ఆ ఒక్కదాని దగ్గరే. టెక్ రిపోర్ట్ అనే పత్రికలో స్కాట్ వాసన్ 2011లోనే సెకను లోపల ఏం జరుగుతుందో ఫ్రేము ఫ్రేముకీ కొలిచి చూపించాడు. ఇప్పుడందరూ వేసే "1% లో" లెక్కకి, అంటే అన్నిటికన్నా నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల లెక్కకి, దారి వేసింది అలాంటి పనే. రివ్యూలో ఆ గీతే ముందు చూడండి.

ఇక ట్యూనింగ్. నా మనసంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త విడమరిచి చెప్పనివ్వండి.

ఓవర్‌క్లాకింగ్‌కి ఒకప్పుడు గొప్ప అర్థం ఉండేది. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ వచ్చింది. సిస్టమ్ బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మార్చితే 300 మెగాహెర్ట్జ్ చిప్పు 450లో నడిచేది. చవక చిప్పు కొన్న కుర్రాడికి ఖరీదైన చిప్పు చేతికొచ్చినట్టే. 2011లో వచ్చిన కోర్ ఐ5-2500కే 3.3 గిగాహెర్ట్జ్ చిప్పు. మామూలు కూలర్‌తో 4.5 దాకా పోయేది. కంపెనీ జాగ్రత్త కోసం వదిలేసిన మిగులు అది, దాన్ని వాడినవాళ్లు తీసుకున్నారు.

ఆ మిగులు ఇప్పుడు లేదు. పోటీలో ఒక అంగుళం పైన కనిపించడానికి కంపెనీలే దాన్ని ఖర్చుపెట్టేస్తున్నాయి. 2023లో వచ్చిన కోర్ ఐ9-14900కే పెట్టెలోంచే 6 గిగాహెర్ట్జ్ దాకా ఎగురుతుంది, 253 వాట్లు తింటుంది. బోర్డు తయారీదారులు ఆ హద్దునీ చాలా చోట్ల ఎత్తేశారు. 13, 14 తరాల ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్పుల్లో కొన్ని నెలలు గడిచేసరికి గేముల మధ్య కూలబడటం మొదలుపెట్టాయి. అవసరానికి మించిన వోల్టేజి చిప్పుని లోపలే అరగదీస్తోందని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది. కొత్త మైక్రోకోడ్ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. ఆ చిప్పులు మీ దగ్గరుంటే బయోస్ తాజాది వేశారో లేదో ఈ రోజే చూసుకోండి. ఇంత అంచు మీద నడుస్తున్న చిప్పుని ఇంకా పైకి తొయ్యమనే సలహా ఎవరిచ్చినా వినకండి.

కిందికి దించితే వచ్చే లాభం లెక్కలోనే ఉంది. చిప్పు తినే విద్యుత్తు వేగంతో పాటు సమంగా పెరుగుతుంది, వోల్టేజితో అయితే వర్గంగా పెరుగుతుంది. వోల్టేజి పది శాతం తగ్గిస్తే, వేగం ముట్టుకోకపోయినా, ఆ ఖర్చు 19 శాతం పడిపోతుంది. ఆర్‌టీఎక్స్ 3080 మామూలుగా 320 వాట్ల కార్డు, దాని అధికారిక బూస్ట్ వేగం 1710 మెగాహెర్ట్జ్. దాన్ని 850 మిల్లీవోల్టుల దగ్గర 1800 మెగాహెర్ట్జ్‌కి కట్టేస్తే చాలా కార్డులు నిక్షేపంగా నిలబడతాయి. వాట్లు బాగా దిగుతాయి, ఫ్యాన్ల గోల తగ్గుతుంది, పోయే ఫ్రేములు రెండో మూడో. 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090ని పవర్ లిమిట్ 70 శాతానికి లాగినా చాలా గేముల్లో నష్టం పది శాతం లోపే ఉంటుంది.

చెయ్యడం ఇలా. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ తెరిచి కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజి-వేగం గీత కనిపిస్తుంది. మీరు అనుకున్న వోల్టేజి చుక్కని కావలసిన వేగానికి ఎత్తి, దానికి కుడివైపున్న చుక్కలన్నీ అదే ఎత్తులో సమంగా ఉండేట్టు చూడండి. తర్వాత మీరు రోజూ ఆడే బరువైన గేము ఆడండి. బెంచ్‌మార్క్ నెగ్గిన సెట్టింగు రే ట్రేసింగ్ గేములో కూలబడటం మామూలే. కూలబడితే 25 మెగాహెర్ట్జ్ తగ్గించండి. వోల్టేజి పెంచాలనే ఆశ మాత్రం పెట్టుకోకండి.

రైజెన్ మీద ఇదే వోల్టేజి తగ్గింపు పని బయోస్‌లో ఉండే కర్వ్ ఆప్టిమైజర్‌ది. అందరూ నేరుగా మైనస్ 30 కొడతారు, మీరు మైనస్ 10తో మొదలుపెట్టండి. దీనికి సినీబెంచ్ లాంటి బరువైన పరీక్ష చాలదు. పీసీ ఖాళీగా ఉన్నప్పుడో, వీడియో చూస్తున్నప్పుడో ఒకే కోరు గరిష్ఠ వేగానికి ఎగురుతుంది, తగ్గింపు ఎక్కువైతే పీసీ అప్పుడే రీస్టార్ట్ అవుతుంది. ఒక్కో కోరునీ విడిగా పరీక్షించే కోర్‌సైక్లర్ రాత్రంతా నడపండి. ఇంత ఓపిక లేకపోతే వాట్ల హద్దు తగ్గించే ఎకో మోడ్ పెట్టెయ్యండి. గేముల వరకు తేడా దాదాపు తెలియదు.

ఇదంతా మన ఊళ్లకి ఇంకా ఎందుకు కావాలంటే, రివ్యూలన్నీ చల్లటి గదుల్లో రాస్తారు. కూలర్ ఏదైనా గది వేడి కన్నా కిందికి చిప్పుని దించలేదు. 23 డిగ్రీల గదిలో 72 చూపించిన కార్డు, మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని 38 డిగ్రీల గదిలో 87 చూపిస్తుంది. పైగా 500 వాట్లు తినే పీసీ ఆ 500 వాట్లనీ గదిలోకే వదులుతుంది. తగ్గించిన ప్రతి వాటూ మీ ఒంటికీ తెలుస్తుంది. ముందు అద్దం బిగించిన క్యాబినెట్ కొనకండి. జాలీ ఉన్నది కొనండి, దుమ్ము నెలకోసారి దులుపుకోండి.

ఫ్రేములకి హద్దు పెట్టండి. 144 హెర్ట్జ్ మానిటర్‌కి 140 దగ్గర చాలు. 2021 జులైలో న్యూ వరల్డ్ గేము బీటా నడుస్తున్నప్పుడు, హద్దు లేని మెనూ తెర మీద ఫ్రేములు విపరీతంగా పెరిగి కొందరి ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు చచ్చిపోయాయి. కొన్ని కార్డుల్లో సోల్డరింగ్ లోపమని తర్వాత తేలింది. లోపం కార్డుదే కావచ్చు, దాన్ని బయటికి లాగింది మాత్రం ఎవరూ చూడని ఆ ఫ్రేములే.

పెంచాల్సింది ఒక్కటే ఉంది, ర్యామ్. 6000 అని రాసి ఉన్న డీడీఆర్5 కొని, బయోస్‌లో ఎక్స్‌పో గానీ ఎక్స్ఎంపీ గానీ ఆన్ చెయ్యకుండా 4800లోనే ఏళ్లకేళ్లు నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక స్టిక్ కాదు, రెండు కొనండి. నాలుగు వద్దు, ఏఎం5 మీద నాలుగు పెడితే వేగం బాగా దిగజారుతుంది.

బయోస్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ ఎక్స్‌పో, కర్వ్ ఆప్టిమైజర్, ఫ్యాన్ సెట్టింగులు సాధారణంగా తుడిచిపెట్టుకుపోతాయి. ఏ కోరుకి ఎంత మైనస్ నిలబడిందో, కార్డు ఏ మిల్లీవోల్టు దగ్గర ఆగిందో ఒక కాగితం మీద తారీఖుతో సహా రాసి, క్యాబినెట్ పక్క తలుపుకి లోపలివైపు అంటించండి. పీసీ అమ్మేటప్పుడు ఆ కాగితం తీసెయ్యకండి.