జరిగినదానికి ఆమోదము

1053వ సంవత్సర ప్రాంతమున తూర్పుచాళుక్య ప్రభువైన రాజరాజనరేంద్రుడు మన కోనసీమలోని నందంపూడి గ్రామమును నారాయణభట్టునకు దానమిచ్చుచు వేయించిన తామ్రశాసనమును కూర్చినవాడు నన్నయభట్టు. ఇచ్చినవాడెవడో, పుచ్చుకొన్నవాడెవడో, కూర్చినవాడెవడో అందు స్పష్టముగా నున్నది. ఒక పరిపాలనానిర్ణయమునకు ఇందఱు పేరుపెట్టి బాధ్యత వహించుట యెంతటి అవివేకమో ఆ కాలపువారికి తెలియదు. నన్నయ మఱియొక విషయమున మాత్రము నేటి విశ్వవిద్యాలయములకు ఆదర్శప్రాయుడే: ఆయన రెండున్నర పర్వములకడ నిలిపిన భారతము తిక్కన, ఎఱ్ఱనల చేతులు మాఱి ముగియుటకు సుమారు మూడువందల యేండ్లు పట్టినది.

మన విశ్వవిద్యాలయముల పాలన మొదటినుండియు నేటియంత ప్రశాంతముగా లేదు. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పుట్టినపుడు దాని ముఖ్యస్థానము బెజవాడయా, రాజమహేంద్రవరమా, విశాఖపట్టణమా యని శాసనసభలోను పత్రికలలోను పెద్ద కలహమే చెలరేగినది. పరిషత్తు బెజవాడలో మొదలై 1930లో విశాఖపట్టణపు వాల్తేరు చేరినది. రాజమహేంద్రవరమునకు 2006లో ఆదికవి పేరనే వేఱొక విశ్వవిద్యాలయము దక్కినది. ఎనుబదియేండ్లు కనిపెట్టుకొని యుండుట గోదావరీతీరవాసులకు కష్టమైన పని కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తొలిదినములలో సెనేటునకు రిజిష్టరైన పట్టభద్రులు ఓట్లువేసి సభ్యులను పంపుకొనుచుండిరి. వచ్చినవారు తాము గెలిచివచ్చితిమను భ్రాంతిలో ప్రశ్నలు వేయుచుండిరి. తొలి వైస్ ఛాన్సలరైన కట్టమంచి రామలింగారెడ్డిగారు, ప్రభుత్వ దమననీతికి నిరసనగా 1930లో రాజీనామా చేయుటకు ముందు ఉపసంఘమును వేసినట్లు ఎచ్చటను వినలేదు. ఇట్టి అపచారములు పునరావృతము కాకుండ 1991 నాటి విశ్వవిద్యాలయముల చట్టము పాలకమండలిని నామినేషన్ల పాలు చేసినది. నాటినుండి కలహము లేదు, ఏకగ్రీవమే.

ఆ మండలి సమావేశమును చూడని పాఠకులకు దాని క్రమమును కొంత విన్నవించవలసియున్నది. మొదటి అంశము గతసమావేశపు మినిట్సును ధ్రువీకరించుట. ఆ సమావేశమునకు రానివారు దానిని నిస్సంశయముగా ధ్రువీకరింతురు, వచ్చినవారు మాత్రమే కొంచెము సందేహింతురు. తరువాతిది తీసికొన్న చర్యల నివేదిక, అనగా తీసికొనని చర్యల పట్టిక. దాని తరువాతిదే సభకు ప్రాణము. రెండు సమావేశముల నడుమ అత్యవసరమని వైస్ ఛాన్సలరుగారు చేసివేసిన పనులన్నియు, తాత్కాలికాధ్యాపకుల కొనసాగింపు మొదలు పరీక్షరుసుముల పెంపు, కారిపోవుచున్న పైకప్పుల మరమ్మతు వఱకు, ర్యాటిఫికేషను కొఱకు బారులుతీరి వచ్చును. రుసుము వసూలైనది, పరీక్ష ముగిసినది, ఫలితములు వెలువడినవి. అప్పుడు మండలివారు దీర్ఘముగా ఆలోచించి ఆ రుసుమును పెంచవచ్చునని అంగీకరింతురు. లోకమున కర్మకు ముందు సంకల్పము చెప్పుకొందురు. ఇచ్చట ఉద్వాసన యైన పిమ్మట చెప్పుకొందురు. ఇక ఎవ్వరును చదువనక్కఱలేని కాగితములను వారము ముందు ఇంటికి పంపి, చదివితీరవలసినదానిని టేబుల్ అజెండా యను పేర భోజనమునకు పది నిముసముల ముందు చేతిలో పెట్టుట కార్యాలయమువారి సౌజన్యము.

ఈ మండలిలో ఉన్నతవిద్యాశాఖ, ఆర్థికశాఖ కార్యదర్శులకు హోదారీత్యా స్థానమున్నది. అందువలన ఒక చిత్రము జరుగుటకు వీలున్నది. ఖాళీపోస్టుల భర్తీకి అనుమతి కోరుచు ప్రభుత్వమునకు వ్రాయవలెనని అందఱితో కలిసి ఆర్థికకార్యదర్శి ప్రతినిధియు తలయూపును. ఆ లేఖ రాజధానికి చేరినపుడు, ఇంతటి వ్యయమునకు మీ పాలకమండలి ఎట్లు సమ్మతించినదని అదే శాఖ వివరణ కోరును. ఒకే యాత్మ రెండు దేహములలో నుండి తనకుతాను జాబులు వ్రాసికొనుటను అద్వైతులు సయితము ఊహించియుండరు.

అల్లవరమునందు మా రైతులు నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి కొబ్బరి దింపు తీయింతురు. దింపువాడు చెట్టు తల చూచును, రైతు ధర అడుగును, మధ్యాహ్నమునకు కాయ నేలమీద నుండును. లెక్క తప్పినచో ఆ రైతే తలపట్టుకొనును. ఆ తోటనే పాలకమండలి యధీనము చేసితిమనుకొనుడు. ఫలసాయపు వేలమునకు కనీసధర నిర్ణయించుటకొక ఉపసంఘము, దాని సిఫారసును పరిశీలించుటకు ఆర్థికసంఘము, ముదురుకాయ యన నేమో నిర్వచించుటకు ఒక విశ్రాంతాచార్యులు ఏర్పడుదురు. ఈలోపల కాయ తనంతట తాను రాలి, వానకు మొలకెత్తును. ఆ మీదటి సమావేశమున సభ్యులు కాయ రాలుటకు ఆమోదము తెలిపి, మొలకెత్తుటను రికార్డు చేసికొందురు. ఈ మాట చెప్పగా విన్న మా ప్రాంతపు కాపొకడు, "ఆయ్, మరి నష్టపోయిన డబ్బులు ఎవర్ని అడగాలండి?" యనెను. అమాయకుడు! ఎవరిని అడుగవలెనో తెలియకుండుటకే గదా ఇంతమంది ఒకచోట కూర్చుండుట.

మా వైపు కుఱ్ఱవాడొకడు డిగ్రీపట్టాలో తండ్రిపేరు తప్పుపడెనని అర్జీ పెట్టుకొనెను. ఏ విశ్వవిద్యాలయమో చెప్పను. చెప్పకున్నను ప్రతిదియు తననే యన్నామనుకొనును. సెక్షనులో ఒక్క సంతకముతో తీరవలసిన సవరణ, ఆ సంతకము ఎవరిదను ప్రశ్న తలెత్తగానే విధానపరమైన అంశముగా మాఱి పాలకమండలి అజెండాకు ఎక్కినది. ఇంతలో 2024లో ప్రభుత్వము మాఱగా రాష్ట్రమున పెక్కుచోట్ల వైస్ ఛాన్సలర్లు రాజీనామా లిచ్చిరి; 2025 ఫిబ్రవరిలో గాని పలుచోట్ల కొత్తవారు రాలేదు. నడుమనున్న ఇన్‌చార్జిగారు విధానపరమైన అంశములను తాకరాదని ధర్మనిష్ఠతో నుండిరి. కుఱ్ఱవాడు అమలాపురము బస్సెక్కి, అటనుండి హైదరాబాదు, అటనుండి కువైట్ చేరి, పట్టా అక్కఱలేని పనిలో కుదురుకొన్నాడు. కొత్తవారు వచ్చినపిమ్మట అత్యవసరాధికారమున పత్రమును సవరించి పంపిరి. తండ్రిపేరు అక్షరము పొల్లుపోకుండ ఉన్నది. అయితే ఆ సవరణకు పాలకమండలి ఆమోదము ఇంకను రావలసియున్నదట. అందాక దానిని ఎవరికిని చూపవద్దని, లామినేషను మాత్రము చేయించి పెట్టుకొమ్మని కార్యాలయపు గుమాస్తా ఆ తండ్రికి ఫోనులో హితవు చెప్పినాడు.